అరబ్బీ వార్తా మాధ్యమాల రాజకీయ పదాల ఆంగ్లానువాదం

అరబ్బీ వార్తా మాధ్యమాల రాజకీయ పదాల ఆంగ్లానువాదం పత్రికారచనకు, అనువాద శాస్త్రానికి సంబంధించిన ఒక అంశం. అరబ్బీ పత్రికలు, రేడియో, టెలివిజన్ వార్తలలో షహీద్, ఇంతిఫాదా, ముఖావమా, ఇంఖిలాబ్, తత్బీ వంటి పదాలు తరచుగా వాడబడతాయి. నిఘంటువులలో వీటికి ఆంగ్ల సమానార్థకాలు ఉన్నప్పటికీ, వాటిని వార్తలో యథాతథంగా ఉంచితే రెండు రకాల చిక్కులు కలుగుతాయి. కొన్నిచోట్ల మూలంలో సాధారణంగా ధ్వనించే వాక్యం ఆంగ్లంలో మతావేశంతో కూడినట్లు వినిపిస్తుంది. మరికొన్నిచోట్ల మూలంలో ఉన్న పక్షపాతం అనువాదంలో కనబడకుండా పోతుంది. ఈ పదాలు ఒక సంఘటనను పేర్కొనడంతో పాటు, పేర్కొనేవారు ఏ పక్షంవారో కూడా తెలుపుతాయి. కనుక ఆ పదం విలేఖరి సొంత మాటా, లేక విలేఖరి ఉటంకించిన వ్యక్తి మాటా అని తేల్చుకోవడం అనువాదకుని మొదటి పని.

## నేపథ్యం

బి.బి.సి. అరబ్బీ రేడియో ప్రసారాలు 1938 జనవరి 3న మొదలై 2023 జనవరి వరకు కొనసాగాయి. ఖతర్ రాజధాని దోహా నుండి అల్ జజీరా ఛానల్ 1996 నవంబరు 1న ప్రారంభమయ్యింది. అల్ అరబియా ఛానల్ 2003లో ప్రారంభమయ్యింది. 2001 సెప్టెంబరు 11 దాడులు, 2003 ఇరాక్ యుద్ధం తరువాత అరబ్బీ వార్తలను వెంటవెంటనే ఆంగ్లంలోకి మార్చవలసిన అవసరం బాగా పెరిగింది. 2006 నవంబరు 15న అల్ జజీరా ఆంగ్ల ఛానల్ కూడా మొదలయ్యింది. ఐక్యరాజ్య సమితి 1973 డిసెంబరులో అరబ్బీని తన అధికార భాషలలో చేర్చుకొన్నది.

అరబ్బీ వార్తలను ఫుస్‌హా అనబడే ప్రామాణిక భాషలో వ్రాస్తారు. వీధులలోను, ముఖాముఖీలలోను వినిపించేవి ఈజిప్టు, సిరియా, ఇరాక్, పాలస్తీనా మొదలైన ప్రాంతాల మాండలికాలు. హాన్స్ వేర్ సంకలనం చేసిన నిఘంటువు 1952లో జర్మన్ భాషలోను, 1961లో ఆంగ్లంలోను వెలువడింది. అరబ్బీ నేర్చుకొనే ఆంగ్ల పాఠకులు దానిని విరివిగా వాడుతున్నారు. అయితే అది ముఖ్యంగా ప్రామాణిక లిఖిత భాషకు సంబంధించినది. పదానికి ఒక దేశంలో, ఒక దశాబ్దంలో ఏర్పడిన రాజకీయ ఛాయను తెలుసుకోవడానికి నిఘంటువు మాత్రమే సరిపోదు.

## మరణాన్ని తెలిపే పదాలు

అరబ్బీలో "చంపబడ్డాడు" అని చెప్పడానికి ఖుతిల అనే క్రియ ఉంది. "మరణం పాలయ్యాడు" అనే అర్థంలో లఖియ మస్రఅహు అనే పదబంధం ఉంది. "షహీద్ అయ్యాడు" అనే అర్థంలో ఉస్తుష్‌హిద అనే క్రియ వాడతారు. ఒకే మరణాన్ని ఈ మూడు విధాలుగానూ వ్రాయవచ్చు. ఏది ఎంచుకొన్నారన్న దానిని బట్టి ఆ పత్రిక వైఖరి తెలుస్తుంది.

షహీద్ అనే పదానికి ష-హ-ద అనే ధాతువు మూలం. దీని మూలార్థం "సాక్ష్యమివ్వడం". ఆంగ్లంలోని మార్టర్ అనే పదం కూడా "సాక్షి" అనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చినదే. కాని నేటి వాడుకలో ఈ రెండు పదాలూ సమానం కావు. ఆంగ్లంలో మార్టర్ అనగానే ఒక విశ్వాసం కోసం కోరి ప్రాణాలర్పించిన వ్యక్తి గుర్తుకు వస్తాడు. అరబ్బీ వార్తలలో మాత్రం బాంబు దాడిలో ఇంట్లో మరణించిన పసిబిడ్డ, విధి నిర్వహణలో మరణించిన పోలీసు, ప్రదర్శనలో తుపాకీ గుండు తగిలిన విద్యార్థి అందరూ షహీద్‌లే. అరబ్ క్రైస్తవులు కూడా ఈ పదాన్ని వాడతారు.

తెలుగు పాఠకులకు ఇటువంటి వాడుక పరిచితమే. 1969 తెలంగాణ ఉద్యమంలో మరణించినవారిని అమరవీరులు అంటారు. వారి స్మారక స్తూపం హైదరాబాదు గన్ పార్కులో ఉంది. సరిహద్దులో సైనికుడు మరణించినప్పుడు కూడా "అమరుడయ్యాడు" అని వ్రాస్తారు. ఇక్కడ అమరత్వం అనే మూలార్థం కన్నా గౌరవం, దుఃఖం, మాట్లాడేవారి పక్షం ముఖ్యమైనవి. ఆ వాక్యాన్ని ఆంగ్లంలో "మరణం లేనివాడయ్యాడు" అని వ్రాస్తే ఎంత అసహజంగా ఉంటుందో, పసిబిడ్డ మరణవార్తలో మార్టర్ అని వ్రాయడం కూడా దాదాపు అంత అసహజంగానే ఉంటుంది.

అందువలన వార్తా కథనంలో ఉస్తుష్‌హిద అన్నచోట ఆంగ్లంలో కిల్డ్ అని వ్రాయడం వాడుకలో ఉంది. ఒక తల్లి తన కుమారుని గురించి "నా కొడుకు షహీద్" అన్నప్పుడు మాత్రం మార్టర్ అనే మాటను ఆమె మాటగా ఉంచాలి. అక్కడ "చంపబడ్డాడు" అని మారిస్తే ఆమె చెప్పిన ముఖ్యమైన విషయమే పోతుంది.

ఆత్మాహుతి దాడుల విషయంలో ఈ భేదం ఇంకా తీవ్రమైనది. అమలియ్యా ఇంతిహారియ్యా అంటే ఆత్మహత్యా చర్య. అమలియ్యా ఇస్తిష్‌హాదియ్యా అంటే ప్రాణార్పణ చర్య. ఫిదాయి అంటే తనను తాను అర్పించుకొనేవాడు. మొదటి పదంలో సమర్థన లేదు. రెండవది దాడిని సమర్థించేవారి పదం. రెండింటినీ ఆంగ్లంలో ఒకే విధంగా సూయిసైడ్ బాంబింగ్ అని వ్రాస్తే, ఏ నాయకుడు దానిని సమర్థించాడో, ఏ నాయకుడు సమర్థించలేదో పాఠకునికి తెలియదు.

## విప్లవం, కుట్ర, పాలన

ఇంఖిలాబ్ అనే పదం భారతీయ పాఠకులను సులభంగా పొరబడేటట్లు చేస్తుంది. ఈ అరబ్బీ పదం పారశీకం ద్వారా ఉర్దూలోకి వచ్చి విప్లవం అనే అర్థాన్ని పొందింది. "ఇంక్విలాబ్ జిందాబాద్" అనే నినాదంలో ఉన్నది ఆ అర్థమే. నేటి అరబ్బీలో ఇంఖిలాబ్ అంటే సైనిక కుట్ర, అనగా అధికారాన్ని బలవంతంగా చేజిక్కించుకోవడం. విప్లవాన్ని అరబ్బీలో థౌరా అంటారు.

1952 జులైలో ఈజిప్టులో సైనికాధికారులు రాజు ఫారూక్‌ను తొలగించినప్పుడు, తమ చర్యను మొదట హరకా అన్నారు. దీనికి ఉద్యమం లేదా కదలిక అని అర్థం. ఆ తరువాత థౌరా అనే పేరు స్థిరపడింది. 2013 జులై 3న ఈజిప్టు సైన్యం అధ్యక్షుడు మొహమ్మద్ మోర్సీని తొలగించినప్పుడు కూడా ఇదే వివాదం తలెత్తింది. తొలగింపును సమర్థించినవారు జూన్ 30 నాటి ప్రదర్శనలను పేర్కొంటూ దానిని థౌరా అన్నారు. వ్యతిరేకించినవారు ఇంఖిలాబ్ అన్నారు. ఎన్నికైన ప్రభుత్వాధినేతను సైనిక కుట్ర ద్వారా తొలగించిన దేశానికి సహాయాన్ని పరిమితం చేసే నిబంధన అమెరికా చట్టంలో ఉంది. అందుచేత అమెరికా ప్రభుత్వం కూ అనే ఆంగ్ల పదాన్ని వాడకుండా జాగ్రత్తపడింది. "సైన్యం మోర్సీని పదవి నుండి తొలగించింది" అనే వాక్యం జరిగిన పనిని మాత్రమే చెబుతుంది. వక్త ఇంఖిలాబ్ అన్నప్పుడు మాత్రం కూ అనే పదాన్ని అతని పేరుతో వ్రాయాలి.

నిజామ్ అంటే క్రమం, వ్యవస్థ, పాలనా విధానం. హైదరాబాదు పాలకుల బిరుదులోని నిజాం ఈ పదమే. నిజాం-ఉల్-ముల్క్ అంటే రాజ్యానికి క్రమాన్ని కూర్చేవాడు అని భావం. 2011లో ట్యూనీషియా, ఈజిప్టు తదితర దేశాలలో మారుమ్రోగిన "అష్-షాబ్ యురీద్ ఇస్ఖాత్ అన్-నిజామ్" అనే నినాదానికి "ప్రజలు ఈ పాలన కూలిపోవాలని కోరుతున్నారు" అని అర్థం. ఆంగ్లంలో దీనికి రెజీమ్ అనే పదం స్థిరపడింది. ఆంగ్లంలో రెజీమ్ నిందార్థకం. అరబ్బీలో నిజామ్ ఎల్లప్పుడూ నిందార్థకం కాదు. "అన్-నిజామ్ అస్-సియాసీ" అంటే రాజకీయ వ్యవస్థ మాత్రమే. కాబట్టి నినాదంలో రెజీమ్ సరిపోతుంది గాని, రాజ్యాంగ చర్చలో వచ్చిన నిజామ్‌కు సిస్టమ్ అనే పదమే తగినది.

2011 పరిణామాలలో మరికొన్ని పదాలు కూడా ఆంగ్ల వార్తలకు ఎక్కాయి:

* బల్తగియ్యా - ఈజిప్టులో ప్రత్యర్థులపై ఉసిగొల్పబడే రౌడీ మూకలు. గొడ్డలి అనే అర్థం గల తుర్కీ పదం నుండి వచ్చింది. ఆంగ్లంలో థగ్స్ అని వ్రాస్తారు.
* షబ్బీహా - సిరియాలో అసద్ ప్రభుత్వానికి మద్దతుగా హింసకు పాల్పడిన ముఠాలు. దీనిని మొదట లిప్యంతరీకరించి, ప్రక్కన చిన్న వివరణ ఇవ్వడం పరిపాటి.
* ఫులూల్ - ఓడిపోయి చెల్లాచెదురైన సైన్యపు శేషం. పాత ప్రభుత్వపు మనుషులను ఉద్దేశించి వాడతారు. రెమ్నంట్స్ అంటే యుద్ధపు ఛాయ పోతుంది. "పాత పాలన మద్దతుదారులు" అని విప్పి చెబితే అర్థం స్పష్టమవుతుంది.

## పాలస్తీనా - ఇజ్రాయెల్ వివాదంలోని పదాలు

ఇంతిఫాదా అనే పదం న-ఫ-ద అనే ధాతువు నుండి వచ్చింది. దులుపుకోవడం, విదిలించుకోవడం అని దీని భావం. 1987 డిసెంబరులో మొదలైన పాలస్తీనీయుల తిరుగుబాటు తరువాత ఈ పదం ఆంగ్లంలోకి నేరుగా ప్రవేశించింది. 2000 సెప్టెంబరులో మొదలైనది రెండవ ఇంతిఫాదా. అయితే అరబ్బీలో ఇది ఏ తిరుగుబాటుకైనా వర్తించే సామాన్య నామం. ఇరాక్‌లో 1952 నాటి నిరసనలను, 1991 తిరుగుబాటును కూడా ఇంతిఫాదా అంటారు. కనుక ఇరాక్ గురించిన వార్తలో అప్‌రైజింగ్ అని వ్రాయడం సహజం.

నక్బా అంటే మహావిపత్తు. 1948 యుద్ధంలో పాలస్తీనీయులు ఇళ్ళూ ఊళ్ళూ కోల్పోయిన ఘటనకు ఇది పేరు. సిరియా చరిత్రకారుడు కాన్‌స్టాంటిన్ జురైక్ 1948లోనే ఈ పదాన్ని తన పుస్తకం పేరులో వాడాడు. నక్సా అంటే ఎదురుదెబ్బ. ఇది 1967 ఓటమికి పేరు. ఎంతో పెద్ద పరాజయానికి ఇంత మెత్తని పదాన్ని ఎంచుకోవడమే ఒక రాజకీయ చర్య. దానిని డిజాస్టర్ అని పెంచి అనువదించరాదు.

ఒకే వస్తువుకు అరబ్బీలో రెండు పదాలు ఉండి, ఆంగ్లంలో ఒకటే ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఆక్రమిత ప్రాంతంలోని ఇజ్రాయెలీ ఆవాసాన్ని ముస్తౌతనా అని గాని, ముస్తామరా అని గాని అంటారు. మొదటిదానికి మూలం వతన్, అనగా స్వస్థలం. రెండవది వలస రాజ్యాలను సూచించే పదం. ఇస్తిమార్ అంటే వలసవాదం. ఆంగ్ల వార్తలలో రెండింటినీ సెటిల్‌మెంట్ అనే వ్రాస్తారు. వక్త పనిగట్టుకొని ముస్తామరా అన్నప్పుడు కాలనీ అని వ్రాస్తేనే అతని వాదన అందుతుంది.

అల్-కియాన్ అస్-సహ్యూనీ అంటే జియోనిస్టు అస్తిత్వం. ఇజ్రాయెల్‌ను రాజ్యంగా గుర్తించనివారు ఆ దేశపు పేరు పలకకుండా ఉండేందుకు దీనిని వాడతారు. వక్త మాటలో దీనిని ఇజ్రాయెల్ అని మారిస్తే, గుర్తించడానికి అతడు నిరాకరించిన సంగతే మాయమవుతుంది. విలేఖరి కథనంలో మాత్రం ఇజ్రాయెల్ అని వ్రాయాలి.

వెస్ట్ బ్యాంకులో 2002లో ఇజ్రాయెల్ నిర్మించడం మొదలుపెట్టిన అడ్డుకట్టను ఆ దేశం భద్రతా కంచె అంటుంది. అరబ్బీ మాధ్యమాలు జిదార్ అల్-ఫస్ల్ అల్-ఉన్సురీ అంటాయి. ఫస్ల్ ఉన్సురీ అనేది జాతి వివక్షతో కూడిన వేర్పాటుకు, అనగా అపార్థీడ్‌కు అరబ్బీలో స్థిరపడిన పేరు. అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జులై 9న ఇచ్చిన సలహాపూర్వక అభిప్రాయంలో వాల్ అనే పదాన్ని వాడింది. బి.బి.సి. బారియర్ అనే పదాన్ని ఎంచుకొంది.

## యుద్ధ విరామం - మూడు పదాలు

యుద్ధ విరామానికి సంబంధించిన పదాలను కలగలిపితే ఒప్పందపు స్వభావమే తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది.

* వఖ్ఫ్ ఇత్లాఖ్ అన్-నార్ - కాల్పుల విరమణ. ఇది సైనిక, దౌత్యపరమైన పదం. సీస్‌ఫైర్ దీనికి సరిగ్గా సరిపోతుంది.
* హుద్నా - గడువుతో కూడిన సంధి. క్రీ.శ. 628 నాటి హుదైబియా ఒప్పందం వల్ల దీనికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కూడా స్థానం ఉంది. 2003 జూన్ 29న హమాస్, ఇస్లామిక్ జిహాద్ సంస్థలు ప్రకటించిన విరామాన్ని హుద్నా అన్నారు. ఆంగ్లంలో ట్రూస్ అంటారు.
* తహ్దియా - శాంతింపజేయడం. దీనికి హుద్నాకు ఉన్నంత శాస్త్రబద్ధత లేదు. 2005 మార్చిలో కైరోలో పాలస్తీనా పక్షాలు అంగీకరించినదీ, 2008 జూన్ 19 నుండి ఆరు నెలలపాటు గాజాలో అమలు కావలసినదీ తహ్దియాయే. దీనికి కామ్, లల్ వంటి పదాలు దగ్గరగా ఉంటాయి.

ఒక పక్షం తహ్దియాకు మాత్రమే ఒప్పుకొన్నప్పుడు ఆంగ్లంలో సీస్‌ఫైర్ అని వ్రాస్తే, ఆ పక్షం ఇవ్వని హామీని ఇచ్చినట్లు అవుతుంది. తరువాత దాడి జరిగినప్పుడు మాట తప్పారా లేదా అన్న చర్చ ఈ పదం మీదనే ఆధారపడుతుంది.

## మతం, లౌకిక రాజ్యం, జాతీయత

అల్లాహ్ అనేది అరబ్బీలో దేవునికి సామాన్యమైన పేరు. అరబ్ క్రైస్తవులు కూడా ప్రార్థనలో ఇదే పదాన్ని వాడతారు. దీనిని ఆంగ్లంలో గాడ్ అని వ్రాయకుండా అల్లాహ్ అనే ఉంచితే, వేరొక దేవుని గురించి మాట్లాడుతున్నట్లు పాఠకులు భావించవచ్చు.

జిహాద్ అంటే గట్టి ప్రయత్నం, పోరాటం. ఇది పురుషుల పేరుగా కూడా వాడుకలో ఉంది. ఆంగ్లంలో మాత్రం సాయుధ మతయుద్ధం అనే అర్థమే మిగిలింది. ఆంగ్లంలోని క్రూసేడ్ కథ దీనికి తలక్రిందులు. ఆంగ్లంలో ఆ పదం ఏ గట్టి ఉద్యమానికైనా వర్తిస్తుంది. 2001 సెప్టెంబరు 16న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆ పదాన్ని వాడినప్పుడు అరబ్బీలోకి అది శిలువను సూచించే సలీబియ్యా అనే పదంగా వెళ్ళి తీవ్ర విమర్శలకు దారితీసింది.

లౌకికవాదాన్ని ఇల్మానియ్యా లేదా అల్మానియ్యా అంటారు. ఈ పదానికి చాలామంది శ్రోతల దృష్టిలో నాస్తికత్వపు నీడ ఉంది. అందువలన 2011 తరువాత ఈజిప్టులో దౌలా మదనియ్యా అనే మాట ప్రచారంలోకి వచ్చింది. దీనికి పౌర రాజ్యం అని అర్థం. దీనిని కొందరు సైన్యపు పాలన కాని రాజ్యమనీ, కొందరు మతాచార్యుల పాలన కాని రాజ్యమనీ అర్థం చేసుకొన్నారు. ఈ అస్పష్టతే దాని బలం. సెక్యులర్ స్టేట్ అని అనువదిస్తే వక్త కావాలని తప్పించుకొన్న పదాన్ని అతని నోట పెట్టినట్లవుతుంది. సివిల్ స్టేట్ అని ఉంచి, ఒక వాక్యంలో వివరించడం మేలు.

ఖౌమియ్యా, వతనియ్యా అనే రెండు పదాలకూ ఆంగ్లంలో నేషనలిజం అని వ్రాయడం కద్దు. మొదటిది అరబ్బులందరూ ఒకే జాతి అనే భావన. 1958లో ఈజిప్టు, సిరియాలు కలిసి 1961 వరకు ఒకే రాజ్యంగా ఉండడానికి ఆధారమైనది ఈ భావనే. రెండవది ఒక దేశం పట్ల అభిమానం. మొదటిదానికి పాన్-అరబ్ అనే విశేషణం చేర్చితే గందరగోళం తొలగుతుంది.

## సంస్థల పేర్లు, బిరుదులు

ఇస్లామిక్ రాజ్యం అని తమను తాము పిలుచుకొన్న సాయుధ సంస్థ పేరులోని అష్-షామ్ అనే పదాన్ని కొందరు సిరియా అని, కొందరు లెవాంట్ అని అనువదించడం వలన ఐసిస్, ఐసిల్ అనే రెండు రూపాలు ఏర్పడ్డాయి. అరబ్బీ పేరులోని తొలి అక్షరాలతో ఏర్పడిన దాయిష్ అనే రూపాన్ని ఆ సంస్థ వ్యతిరేకించింది. రాజ్యం అనే గౌరవం ఇవ్వకూడదనే ఉద్దేశంతో ఫ్రాన్స్ ప్రభుత్వం 2014 సెప్టెంబరులో, బ్రిటిష్ ప్రభుత్వం 2015 డిసెంబరులో దాయిష్ అనే పేరును స్వీకరించాయి.

సౌదీ అరేబియా రాజు ఫహద్ 1986లో స్వీకరించిన ఖాదిమ్ అల్-హరమైన్ అష్-షరీఫైన్ అనే బిరుదు అరబ్బీ వార్తలో పదే పదే వస్తుంది. రెండు పవిత్ర మసీదుల సేవకుడు అని దీని అర్థం. ఆంగ్ల వార్తలో రాజు పేరు వ్రాస్తే చాలు. అయితే మక్కా, మదీనాల ప్రస్తావన ముఖ్యమైన సందర్భంలో బిరుదును ఉంచాలి.

## అనుసరించే పద్ధతులు

* తటస్థ పదం - విలేఖరి కథనంలో జరిగిన పనిని మాత్రమే చెప్పే పదం వాడడం.
* ఆపాదన - పక్షపాతం గల పదాన్ని ఉటంకింపు గుర్తులలో, వక్త పేరుతో ఉంచడం.
* లిప్యంతరీకరణ - ఇంతిఫాదా, నక్బా వంటి వాటిని అలాగే వ్రాయడం. పదం ఆంగ్ల పాఠకులకు పరిచితమైతేనే ఇది పనిచేస్తుంది.
* వివరణ - మొదటిసారి వచ్చినప్పుడు ఐదారు మాటలలో అర్థం చెప్పడం.
* తగ్గింపు - అరబ్బీ శైలిలో సహజమైన జంట పదాలను ఒకటిగా కుదించడం. అయితే షజ్బ్, ఇస్తింకార్, ఇదానా అనే మూడు ఖండన పదాలు ఒకే ప్రకటనలో వస్తే, అది శైలి కోసమా, దౌత్యపరమైన తీవ్రతను సూచించడానికా అని పరిశీలించాలి.

ఉదాహరణకు "ఉస్తుష్‌హిద థలాథతు మువాతినీన బిరసాసి ఖువ్వాతిల్-ఇహ్తిలాల్" అనే వాక్యాన్ని పదానికి పదం మారిస్తే "ఆక్రమణ బలగాల తూటాలకు ముగ్గురు పౌరులు అమరులయ్యారు" అని వస్తుంది. ఇది వార్తాసంస్థ సొంత వాక్యమైతే సహజమైన ఆంగ్లంలో "ఇజ్రాయెలీ కాల్పులలో ముగ్గురు పాలస్తీనీయులు మరణించారు" అనే భావంతో వ్రాస్తారు. ఇందులో మూడు మార్పులు జరిగాయి. అమరులు అనే గౌరవం, ఆక్రమణ అనే ఆరోపణ పోయాయి. పౌరులు అనే పదం స్థానంలో జాతి పేరు వచ్చింది. కాల్చినది ఎవరన్నది మాత్రం పోలేదు. ఆ ఒక్కటీ పోతే అనువాదం తటస్థంగా ఉండదు, అసంపూర్ణమవుతుంది. ఇదే వాక్యం ఒక నాయకుని ప్రసంగంలోనిదైతే ఈ మూడు పదాలనూ ఉంచవలసిందే.

## వివాదాలు, విమర్శలు

1998లో స్థాపించబడిన మెమ్రీ అనే సంస్థ అరబ్బీ మాధ్యమాలలోని భాగాలను ఆంగ్లంలోకి అనువదించి పంపిణీ చేస్తుంది. ఎంపికలో ఆ సంస్థ పక్షపాతం చూపుతోందని గార్డియన్ పాత్రికేయుడు బ్రయన్ విటేకర్ 2002లో విమర్శించాడు. 2007లో గాజాలోని అల్-అఖ్సా టీవీ పిల్లల కార్యక్రమంలో ఒక చిన్నారి పలికిన మాండలిక వాక్యాన్ని ఆ సంస్థ "యూదులను నిర్మూలిస్తాము" అనే భావంతో అనువదించింది. "యూదులు మమ్మల్ని కాలుస్తున్నారు" అని దాని అర్థమని సి.ఎన్.ఎన్. పాత్రికేయురాలు ఆక్టేవియా నాసర్ అభ్యంతరం తెలిపింది. సంస్థ తన అనువాదాన్ని సమర్థించుకొంది. అరబ్బీలో కర్త క్రియ తరువాత రావచ్చు. మాండలికంలో విభక్తి ప్రత్యయాలు ఉండవు. కనుక వాక్యం చివర ఉన్న పదం కర్తా, కర్మా అన్నది క్రియకు చేరిన సర్వనామ ప్రత్యయాలను బట్టి తెలుసుకోవాలి. కాల్చేవారు ఎవరు, కాల్చబడేవారు ఎవరు అన్నంత పెద్ద విషయం ఒక చిన్న ప్రత్యయం మీద ఆధారపడిందని ఈ వివాదం తెలుపుతుంది.

తటస్థ పదమంటూ నిజంగా ఉంటుందా అనే ప్రశ్న కూడా ఉంది. ఎడ్వర్డ్ సయీద్ 1981లో వెలువరించిన కవరింగ్ ఇస్లామ్ అనే గ్రంథంలో పాశ్చాత్య మాధ్యమాలు ఇస్లామ్‌ను చిత్రించే తీరును విమర్శించాడు. ఈజిప్టులో జన్మించిన పండితురాలు మోనా బేకర్ 2006లో ప్రచురించిన గ్రంథంలో, సంఘర్షణల కాలంలో అనువాదకులు కథనాల ప్రసారంలోను, వాటి నిర్మాణంలోను పాలుపంచుకొంటారని వాదించింది. ఈ దృష్టితో చూస్తే తటస్థ పదాన్ని ఎంచుకోవడం కూడా ఒక నిర్ణయమే. ఏ పదాన్ని ఎందుకు మార్చారో అనువాదకుడు చెప్పగలిగి ఉండాలి. రెండు పక్షాల పదాలకూ ఒకే నియమాన్ని వర్తింపజేయాలి.

## ఇవి కూడా చూడండి

* అరబ్బీ భాష
* అనువాదం
* అల్ జజీరా
* పాలస్తీనా
* అరబ్ వసంతం
* లిప్యంతరీకరణ